యాక్టింగ్ కోర్సుకు డబ్బు కట్టాలా, నాటక బృందంలో చేరాలా?

మేనమామ_పెరుంగుడి:
మా అక్క కొడుకు ఇక్కడ చెన్నై ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హీరో అవుతానని పట్టుబట్టి, లోన్ పెట్టి మరీ యాక్టింగ్ కోర్సులో చేరతానంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. స్టార్లయినవాళ్లు అసలు ఎక్కడ నేర్చుకున్నారు? ఈ కోర్సులు పనికొస్తాయా?

రవళి_అడయార్:
ఎందుకు పనికిరావండీ? రజనీకాంత్, చిరంజీవి ఇద్దరూ మన మద్రాసులో ఫిల్మ్ చాంబర్ నడిపిన ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నవాళ్లే. బెంగళూరులో బస్ కండక్టర్‌గా చేసిన మనిషి ఏ శిక్షణా లేకుండా వచ్చి తెరమీద నిలబడిపోలేదు.

కోడంబాక్కం_పాతకాపు:
ఆ రెండు పేర్లు చెప్పేవాళ్లంతా తర్వాతి సంగతి దాటేస్తారమ్మా. చిరంజీవి 'ప్రాణం ఖరీదు'తో తెరమీదికొచ్చింది 1978లో, 'ఖైదీ' 1983లో. మధ్యలో విలన్ వేషాలు, చిన్న వేషాలు, ఏది దొరికితే అది. అసలు చదువు అక్కడ సాగింది.

ఇప్పుడు కొత్తవాడికి అలా వరసగా వేషాలెక్కడివి? ఒక్క సినిమా పోతే ఫోన్ ఎత్తేవాడుండడు. వారసులకైతే గడువు దొరుకుతుంది. రామ్‌చరణ్ మొదటి సినిమా 2007లో, విమర్శకుల నోరు మూయించిన 'రంగస్థలం' 2018లో. కష్టపడ్డాడు, కాదనను. కానీ పదకొండేళ్లు బయటివాణ్ణి ఎవరు భరిస్తారు? అందుకే మీవాడు తప్పులన్నీ నిర్మాత డబ్బు పోని చోట చేసుకోవాలి. నాటకం అందుకు పనికొస్తుంది. విజయ్ సేతుపతి ఇక్కడే కూత్తుప్పట్టరై అనే నాటక బృందంలో లెక్కలు రాసే పనికి చేరి, అక్కడి నటుల్ని గమనిస్తూ నేర్చుకున్నాడు. హీరో వేషం 2010లో గానీ రాలేదు.

సాయి_బీటీఎం:
నాటకాన్ని మరీ అంత ఎత్తకండి సార్. బెంగళూరులో మేం తీసిన షార్ట్ ఫిల్మ్‌కి స్టేజీ మీద ఆరితేరిన కుర్రాణ్ణి పెట్టుకున్నాం. క్లోజప్‌లో కనుబొమలు ఎగరేస్తుంటే మానిటర్ ముందు నవ్వాపుకోలేకపోయాం. పైగా వైడ్ షాట్‌లో ఏ మాట దగ్గర కాఫీ కప్పు ఎత్తాడో, క్లోజప్‌లోనూ ఆ మాట దగ్గరే ఎత్తాలి కదా. టేక్‌కో చోట ఎత్తాడు. ఎడిటింగ్‌లో ఒక్క ముక్కా అతకలేదు. స్టేజీ మీద ఇది ఎవరు నేర్పుతారు?

కోడంబాక్కం_పాతకాపు:
అది పది షూటింగ్‌లు చేస్తే పోయే లోపం సాయీ. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినకుండా తన డైలాగ్ కోసం కాచుక్కూర్చునే అలవాటు మాత్రం ఓ పట్టాన పోదు. నేను చూసినంతలో కోర్సుల నుంచి వచ్చే కుర్రాళ్లలో సగం మంది అంతే. మీ ఊరి యశ్ కూడా బెనక నాటక బృందంలో తెరవెనక పనులతో మొదలుపెట్టినవాడే కదా.

రవళి_అడయార్:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. చెన్నైలో పెరిగిన మన పిల్లల తెలుగు! మా తమ్ముడికి ఒత్తులు పలకవు, భయాన్ని 'బయం' అంటాడు. హైదరాబాద్ ఆడిషన్‌లో నోరు తెరవగానే దొరికిపోయాడు. ఆ కోర్సులో డైలాగులు ఏ భాషలో చెప్పిస్తారో ముందు కనుక్కోండి.

మేనమామ_పెరుంగుడి:
కనుక్కున్నా, అంతా తమిళమేనట. మావాడేమో తెలుగు సినిమాల్లోనే చేస్తానంటాడు! లోన్ ప్రస్తుతానికి ఆపించాను. ఉద్యోగం మానకుండా శని, ఆదివారాల్లో రిహార్సల్స్‌కి రానిచ్చే తెలుగు నాటక బృందం చెన్నైలో ఉంటే చెప్పండి. కుర్చీలు మోసే పనైనా పర్లేదు.