నర్సింగ్ ట్యూటర్లు వార్డు డ్యూటీ కూడా చెయ్యాలా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మా మెడికల్ వార్డుకు రోజూ పదిహేను మంది స్టూడెంట్లు వస్తారు. వాళ్ల ట్యూటర్ మేడమ్ అటెండెన్స్ తీసుకుని, కేర్ ప్లాన్లు (ఏ పేషెంటుకు ఏ సేవ చెయ్యాలో స్టూడెంట్లు రాసేవి) దిద్ది, పదకొండుకల్లా వెళ్లిపోతారు. మొన్న ఒకమ్మాయి ఒక్క ఇంజెక్షన్ కోసం, కాలేజీ ప్రాక్టికల్ ల్యాబ్‌లో నేర్పినట్టే పన్నెండు వస్తువులతో ట్రే సర్దుతూ ఉండిపోయింది. ఆలోపు నేను ఆరుగురికి యాంటీబయాటిక్ ఇచ్చేశాను. పాఠం చెప్పేవాళ్లు వారానికి రెండు రోజులైనా వార్డులో డ్యూటీ చెయ్యాలి.

ట్యూటరమ్మ:
ఆరుగురికి ఇచ్చేటప్పుడు మధ్యలో ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నారండీ? కోపం వద్దు, నేనూ ఎనిమిదేళ్లు వార్డులో చేసినదాన్నే. మాది ప్రైవేటు కాలేజీ, పిల్లల్ని పంపేది ప్రభుత్వాసుపత్రికి. అక్కడ కేస్ షీట్‌లో సంతకం పెట్టే హక్కే నాకు లేదు. మందు తేడా వస్తే జవాబు చెప్పాల్సింది స్టాఫ్ నర్సు. ఇక నేను డ్యూటీ ఏ లెక్కన చెయ్యాలి? పది మంది స్టూడెంట్లకు ఒక టీచర్ అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అంటుంది. నాకు మూడు వార్డుల్లో కలిపి ముప్పై మంది. అన్నట్టు, మా పిల్లల్ని శాంపిల్స్ ఇచ్చి ల్యాబ్‌కు తిప్పడం కూడా కాస్త ఆపించండి.

వెల్లూరు_పాతబ్యాచ్:
వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో 1946 నుంచి నర్సింగ్ డిగ్రీ కోర్సు ఉంది. అక్కడ క్లాసులో చెప్పే మేడమ్‌కే వార్డు బాధ్యత కూడా ఉంటుంది. కాలేజీ, ఆసుపత్రి ఒకే సంస్థవి కాబట్టి కుదురుతోంది. అయితే మా మేడమ్ వేళకు భోజనం చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
శానిటైజర్ రాసుకున్నాను. ఆరుసార్లూ కాదు, ఒప్పుకుంటాను. ల్యాబ్‌కు తిప్పడం కూడా తప్పే. కానీ టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలన్నది కూడా ఆ కౌన్సిల్ లెక్కే కదా. మాకు రాత్రిపూట నలభై మంచాలకు ఇద్దరం. సరే, డ్యూటీ మాట వదిలేద్దాం. పొద్దున్న ఎనిమిదికి, రాత్రి డ్యూటీవాళ్లు పగటివాళ్లకు పేషెంట్లను అప్పజెప్పే హ్యాండోవర్‌లో మీరూ నిలబడండి. స్టాఫ్ ఒక్కొక్కరికి ఇద్దరేసి పిల్లల్ని అప్పగించండి, రోజంతా మావెంటే ఉంటారు.

ట్యూటరమ్మ:
హ్యాండోవర్‌కు వస్తాను. మీరూ నెలకోసారి మా ల్యాబ్‌కు రండి. ట్రేలో ఏది తీసెయ్యొచ్చో అక్కడే తేలుద్దాం. చేతులు కడుక్కోవడం మాత్రం తీసెయ్యను.

థర్డ్‌సెమ్:
మేడమ్, ఈలోగా ప్రాక్టికల్ ఎగ్జామ్‌లో ఎవరి పద్ధతిలో చేస్తే మార్కులు వేస్తారు?

ట్యూటరమ్మ:
పన్నెండు వస్తువులదే అమ్మా, ప్రస్తుతానికి.