మూడో తరగతి పిల్లల కటీఫ్‌లు, నల్లబల్ల మీద పేర్లు: మీ అనుభవాలు చెప్పండి

పట్టాభిపురం అమ్మ (గుంటూరు)
మా అమ్మాయిని ఈ ఏడాది కొత్త బడిలో మూడో తరగతిలో చేర్పించాము. చదువులో ఏ ఇబ్బందీ లేదు. అయితే అన్నం డబ్బా రోజూ సగం అలాగే తిరిగి వస్తోంది. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, తరగతిలో ఒక అమ్మాయి తనతో కటీఫ్ చెప్పి, జట్టులోని మిగతా పిల్లలచేత కూడా చెప్పించిందట. అప్పటినుంచి మా పిల్ల మధ్యాహ్నం గోడవైపు తిరిగి ఒక్కతే కూర్చుని తింటోంది. టీచరుగారితో మాట్లాడమంటారా, పిల్లలే సర్దుకుంటారని ఊరుకోమంటారా? వారానికొకసారి పెట్టే విలువల పీరియడ్ వల్ల మీ పిల్లల్లో మార్పేమైనా కనిపించిందా? పుట్టినరోజు చాక్లెట్ల విషయంలో మీ బడుల్లో ఏ పద్ధతి ఉంది?

భవానీపురం నుంచి ఒక తల్లి
మీ అమ్మాయిని ఒక్కరు వెలివేస్తే మా అబ్బాయిని తరగతి మొత్తం వెలివేసింది, అదీ బడి పెట్టిన పద్ధతి వల్లనే. నాలుగో తరగతిలో వాడిని లీడర్‌ను చేశారు. టీచరు బయటికి వెళ్లినప్పుడల్లా మాట్లాడినవారి పేర్లు నల్లబల్ల మీద రాయడం వాడి పని. రాస్తే పిల్లలు వాడి పెన్సిల్ బాక్సు దాచేస్తారు, రాయకపోతే టీచరు వాడినే నిలబెడతారు. ఒకరోజు సంచి సర్దుతుంటే కొత్త ఎరేజర్లు, మెరిసే స్టిక్కర్లు గుప్పెడు బయటపడ్డాయి. ఎక్కడివని అడిగితే, పేరు చెరిపేయమని పిల్లలు ఇచ్చారని చెప్పాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇది నేర్పుతున్న బడిలో విలువల పీరియడ్ గురించి నేనేం చెప్పగలను?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు
అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ లీడర్ పద్ధతిని తప్పుపట్టడం సరికాదు. నా ఉద్యోగ జీవితమంతా గుంటూరు, కృష్ణా జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లోనే గడిచింది, ఏకోపాధ్యాయ పాఠశాలలు కూడా నడిపాను. ఒకే గదిలో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలను కూర్చోబెట్టుకుని, ఒక తరగతికి ఎక్కాలు చెబుతూ మరొక తరగతికి అక్షరాలు దిద్దించేవాడికి లీడరే కుడిభుజం. నా దగ్గర లీడర్లుగా పనిచేసిన పిల్లల్లో తహసీల్దార్లు, ఇంజనీర్లు అయినవారున్నారు. బాధ్యత అలవడేది అక్కడే.

మొగల్రాజపురం తండ్రి
మాస్టారూ, పెద్దవారని గౌరవిస్తూనే చెబుతున్నాను, మీరు మాట్లాడుతున్నది బాధ్యత గురించి కాదు, నిఘా గురించి. పేరు రాసిన తరువాత ఏం జరుగుతుందో ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. మా పాప పేరు పడిన రోజున బెంచీ మీద నిలబెట్టారు, పక్క తరగతి పిల్లలను పిలిచి చూపించారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు
ఆ చట్టం నాకు చదివి వినిపించనవసరం లేదు, దాని మీద ఉపాధ్యాయులకు తరగతులు చెప్పినవాణ్ణి. నల్లబల్ల మీద పేరు రాయడం శిక్ష అని ఆ సెక్షనులో ఎక్కడా లేదు. అదే చట్టం షెడ్యూలులో అరవైమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని కూడా ఉంది. ఆ రెండోవాడు సెలవు పెట్టిన రోజున మీరు వచ్చి ఒక్క పూట తరగతిలో నిలబడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మొగల్రాజపురం తండ్రి
ఉపాధ్యాయుల కొరతకు పరిష్కారం ప్రభుత్వం దగ్గర వెతకాలి కానీ, ఆ భారాన్ని ఎనిమిదేళ్ల పిల్లవాడి మీద వేసి, వాడిని తోటివారికి శత్రువును చేయడమేమిటి? రాయడం శిక్ష కాదంటున్నారు, ఆ తరువాత బెంచీ ఎక్కించడం శిక్షో కాదో మాత్రం చెప్పడం లేదు.

కృష్ణలంక వాసి
దయచేసి ఇద్దరూ కాస్త తగ్గండి. మొదట అడిగిన తల్లికి ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసినది ఒక్కటే: మా పిల్లల అసలు స్నేహాలు తరగతిలో కాక స్కూల్ ఆటోలో కలిశాయి. మా వీధి ఆటో అన్న ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో వారం వారం మారుస్తాడు. అలిగినవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడతాడు. దిగేటప్పుడు చిన్నపిల్లల సంచులు పెద్దవాళ్లు అందించాల్సిందే. మీ అమ్మాయి ఆటోలో వెళ్తుంటే అందులో ఎవరెవరున్నారో చూడండి.

సింగ్‌నగర్ పంతులమ్మ
నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా ప్రాంతమంతా మునిగిన తరువాత పిల్లలు బడికి తిరిగి వచ్చినప్పుడు, పాఠం మొదలుపెట్టడం నావల్ల కాలేదు. మబ్బు పడితే చాలు, రెండో తరగతి అబ్బాయి ఒకడు లేచి వెళ్లి కిటికీలోంచి రోడ్డు చూసి వచ్చేవాడు. వాడిని కూర్చోమని గద్దించలేదు. అందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, మీ ఇంట్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూపించమన్నాను. ఒకరు మోకాలు, ఒకరు నడుము, ఒక పిల్ల మాత్రం బెంచీ ఎక్కి చెయ్యి పైకెత్తి చూపించింది. ఆ తరువాత ఎవరి పుస్తకాలు పోయాయి, ఎవరి పిల్లి దొరకలేదు అన్నీ వాళ్లే చెప్పుకున్నారు. ఆ వారంలోనే పుస్తకాలు మిగిలినవాళ్లు లేనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలైంది, నేను చెప్పలేదు.

పేర్లు రాయించే అలవాటు నా తరగతిలో లేదు. రాగిజావ ఇచ్చే రోజుల్లో గ్లాసులు అందించడం, మధ్యాహ్నం వరుస చూడడం, చిన్నవాళ్లకు గుడ్డు పెంకు ఒలిచిపెట్టడం వంటి పనులు వంతులవారీగా అందరికీ వస్తాయి. ఎవరికీ ఎవరి మీదా అధికారం ఉండదు. మాస్టారు చెప్పిన బాధ్యత దీనిలో కూడా అలవడుతుంది, గొడవలు మాత్రం రావు.

బాలల కౌన్సెలర్, బ్రాడీపేట
మనస్తత్వశాస్త్రంలో పట్టా ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, మీరందరూ తలా ఒక చివర పట్టుకున్నారు. పిల్లలకు భావాలను, తోటివారితో సంబంధాలను సంభాళించుకోవడం నేర్పడం మీద పనిచేసే కాసెల్ సంస్థ అమెరికాలో 1994లో ఏర్పడింది. అది ఈ సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలను అయిదుగా చెబుతుంది: తన భావాలను గుర్తించడం, వాటిని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, ఆలోచించి నిర్ణయించుకోవడం. 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన 213 కార్యక్రమాలను, 2,70,000 మందికి పైగా విద్యార్థులను పరిశీలించి, ఇటువంటి బోధన పొందిన పిల్లలు చదువులో కూడా 11 పర్సెంటైల్ పాయింట్లు (అంటే నూరుమందిలో స్థానం లెక్కన) మెరుగయ్యారని తేల్చింది. శిక్షణ పొందిన నిపుణులు లేకుండా ఎవరికి తోచినట్లు వారు చేస్తే ఆ ఫలితం రాదు.

సింగ్‌నగర్ పంతులమ్మ
అమ్మా, ఆ పరిశీలన మా శిక్షణలో నేను కూడా చదివాను. చదువులో మెరుగుదల కనిపించింది బడి సిబ్బంది స్వయంగా నడిపిన కార్యక్రమాల్లోనే, బయటివారు వచ్చి నడిపినవాటిలో కాదు. పైగా వాటిలో ఎక్కువ భాగం అమెరికా బడుల్లో జరిగినవి. రోజూ పిల్లల ముఖాలు చూసే టీచరుకు తెలిసినంత నెలకొకసారి వచ్చేవారికి తెలియదు.

బాలల కౌన్సెలర్, బ్రాడీపేట
టీచర్లకు ముందు శిక్షణ ఇవ్వాలి అన్నదే నా మాట, వారిని తక్కువ చేయడం కాదు. ఢిల్లీలో 2018 జూలైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆనంద పాఠ్యప్రణాళిక మొదలుపెట్టినప్పుడు ఒకటో తరగతి నుంచి రోజూ ఒక పీరియడ్ దానికే కేటాయించారు. వారానికొక పీరియడ్ పెట్టి, అది కూడా సిలబస్ మిగిలిపోయిందని లెక్కల టీచరుకు ఇచ్చేసే బడుల గురించి నా ఆవేదన.

అరండల్‌పేట నాన్న
చాక్లెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా బడిలో ఒకరు ఖరీదైన పెద్ద చాక్లెట్లు పంచితే మరుసటి పుట్టినరోజు పిల్లవాడు అంతకంటే పెద్దవి కావాలని ఇంట్లో ఏడ్చాడు. తల్లిదండ్రులం కలిసి అడిగితే, తరగతి గ్రంథాలయానికి ఒక కథల పుస్తకం ఇచ్చే పద్ధతి పెట్టారు. పుస్తకం మీద పిల్లవాడి పేరు రాస్తారు. ఇక్కడ మాత్రం నల్లబల్ల మీద పడినట్లు కాక పేరు పడితే సంతోషం.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు
పంతులమ్మగారు చెప్పిన వంతుల పద్ధతి మంచిదే, మా రోజుల్లో చెట్లకు నీళ్లు పోయడానికి అలాగే పెట్టేవాళ్లం. టీచరు గదిలో లేనప్పుడు ఎవరు చూస్తారన్నది మాత్రం అలాగే మిగిలింది. పట్టాభిపురం అమ్మగారికి నా సలహా: టీచరుతో తప్పకుండా మాట్లాడండి, కానీ ఆ రెండో అమ్మాయి పేరుతో మొదలుపెట్టకండి, మీ పిల్ల ఎక్కడ కూర్చుని తింటోందో అక్కడినుంచి మొదలుపెట్టండి. వెంటనే సారీ చెప్పించమని మాత్రం అడగవద్దు. అందరి ఎదుట చెప్పించిన సారీ మధ్యాహ్నానికి మళ్లీ కటీఫ్ అవుతుంది.

పట్టాభిపురం అమ్మ (గుంటూరు)
మాస్టారు చెప్పినట్లే మాట్లాడాను. టీచరుగారికి గోడవైపు సంగతి తెలియదట. అన్నం వేళ వరుసలు తీసేసి, గుండ్రంగా కూర్చోబెట్టి, చోట్లు వారానికొకసారి మారుస్తామన్నారు. డబ్బా ఇప్పుడు దాదాపు ఖాళీగానే వస్తోంది. ఆ అమ్మాయి ఇంకా మాట్లాడడం లేదు, మరొక పిల్ల మాట్లాడుతోంది. ఒక సందేహం మిగిలింది: ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీలు ఉన్నాయి, మా ప్రైవేటు బడిలో ఈ మార్పును తరగతులన్నింటికీ పెట్టమని ఎవరిని అడగాలి?

మొగల్రాజపురం తండ్రి
విద్యాహక్కు చట్టం 21వ సెక్షను కింద కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. కానీ ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులకు ఆ సెక్షను వర్తించదు. కాబట్టి మీ తరగతి తల్లులు నలుగురైదుగురు కలిసి ప్రిన్సిపాలుకు లేఖ ఇవ్వండి, అందుకున్నట్లు ఆఫీసులో సంతకం తీసుకోండి. లేఖలో అన్నం వేళ చోట్ల మార్పుతో పాటు నల్లబల్ల మీద పేర్లు రాయించడం ఆపమని కూడా చేర్చండి.