అప్‌డేట్: 1/16 స్కేలు ఐఎస్-2 ట్యాంకు, ట్రాక్ జారే సమస్య తీరింది

ప్లాస్టిక్ షీట్లు కోసి సొంతంగా నిర్మిస్తున్న సోవియట్ భారీ ట్యాంకు ఐఎస్-2 రేడియో కంట్రోల్ నమూనాలో మలుపు తిరిగినప్పుడల్లా ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా) జారిపోతోందని, నిజంగా పనిచేసే టార్షన్ బార్ సస్పెన్షన్ (మెలితిరిగే కడ్డీలే స్ప్రింగుల్లా చక్రాలను మోసే ఏర్పాటు) ఈ స్కేలులో సాధ్యమేనా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

సస్పెన్షన్ సాధ్యమే. పక్కకు ఆరు చొప్పున ఉన్న చక్రాల్లో ఒక్కోదాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కు ఒక స్ప్రింగ్ స్టీల్ తీగను బిగించి, దాని రెండో కొనను లంబంగా వంచి ఎదుటి గోడకు కదలకుండా పట్టించాను. చక్రం పైకి లేచినప్పుడు తీగ మెలితిరిగి, తిరిగి దాన్ని కిందికి నెడుతుంది. కుడి ఎడమల తీగలు పక్కపక్కనే పోవాలి కనుక ఒక వైపు చక్రాలు కాస్త వెనక్కి జరిగాయి. చక్రాలను కప్పే పక్క రేకులు (స్కర్టులు) లేని ట్యాంకే అయినా అది కంటికి ఆనదు.

ట్రాక్ విషయంలో మీరు చెప్పినట్టు బిగువే కీలకం. ఐఎస్-2లో ట్రాక్‌ను నడిపే పళ్లచక్రం (స్ప్రాకెట్) ట్యాంకు వెనుక భాగంలో, ట్రాక్‌ను బిగువుగా ఉంచే చక్రం (ఇడ్లర్) ముందు భాగంలో ఉంటాయి. ఆ ఇడ్లర్ ఇరుసును చిన్న క్రాంక్‌పై అమర్చడంతో, పై రోలర్ల మధ్య ట్రాక్ కొద్దిగా మాత్రమే వేలాడేలా సర్దుకోగలుగుతున్నాను. 650 మి.మీ. వెడల్పున్న అసలు ట్రాక్ ఇక్కడ సుమారు 40.6 మి.మీ. అవుతుంది; ఇప్పుడు గరుకు నేలపై ఉన్నచోటే తిరిగినా జారడం లేదు.

పోతపోసిన టరెట్ గరుకుదనం కోసం ప్లాస్టిక్‌పై ద్రవరూప జిగురు పూసి, మెత్తబడగానే గట్టి బ్రష్షుతో పొడిచాను. ఫలితం ఎంతో తృప్తినిచ్చింది. ఇక 122 మి.మీ. డి-25టి ఫిరంగి మజిల్ బ్రేక్‌ను (పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని తగ్గించే, గొట్టం కొనన ఉండే భాగం) అల్యూమినియం కడ్డీతో లేత్‌పై తీయాలి.