బల్లమీది ఆటల్లో కాలప్రయాణం ఉండవచ్చా?

నెల్లూరు సభ్యుడు:

ప్రతి ఆదివారం మేము ఐదుగురం కలిసి ఆడే రోల్ ప్లేయింగ్ ఆటకు (తలా ఒక పాత్రగా కథను నడిపే ఆట) ఈసారి ఉదయగిరి కోట ముట్టడిని కథగా తీసుకున్నాము. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నారు; మా పాత్రలన్నీ కోట లోపల చిక్కుకున్నవారివే. మూడో వారం మాలో ఒకతను తన పాత్రను దిడ్డివాకిలి దగ్గర ఒంటరిగా నిలబెట్టి, మిగిలిన మమ్మల్ని బయటికి దాటించి, అక్కడే ప్రాణం విడిచాడు. ఆ మరుసటి వారం కథను నడిపించే గేమ్ మాస్టర్ మాకు కాలంలో వెనక్కి వెళ్ళగల తాయెత్తు ఒకటి ఇచ్చారు. మేము ముందురోజుకు వెళ్ళి ఆ వాకిలి మూయించి అతని పాత్రను బతికించాము. అందరం సంతోషంగా ఉండగా అతను మాత్రం పాచికలు సంచిలో వేసుకుంటూ, "అయితే ఆ రాత్రి నేను చేసింది జరగనట్టేనా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. పులిజూదంలో ఒకసారి కదిపిన మేకను ఎవరినీ వెనక్కి తీసుకోనివ్వము. అదే న్యాయం ఇక్కడా వర్తించాలని, బల్లమీది ఆటలో కాలప్రయాణానికి చోటు ఉండకూడదని నా అభిప్రాయం.

ఒంగోలు సభ్యురాలు:

మీ మిత్రుడు అడిగిన ప్రశ్న నన్నూ బాధపెట్టింది, అయినా మీ తీర్పుతో నేను ఏకీభవించలేను. మీ బల్ల దగ్గర జరిగినది కాలప్రయాణం కాదండీ, ఎత్తును వెనక్కి తీసుకోవడమే. మూల్యం లేకుండా, గుర్తు మిగలకుండా గతాన్ని మార్చనిచ్చిన ఆట ఏదైనా అలాగే చప్పబడిపోతుంది. కానీ ఈ యంత్రాంగాన్ని బాగా వాడుకున్న ఆటలు గతాన్ని చెరపవు, అప్పుగా మారుస్తాయి. 2017లో వచ్చిన అనాక్రనీ అనే బోర్డు ఆటలో ఆటగాడు తన భవిష్యత్తు నుంచి సరుకునో మనిషినో ఇప్పుడే తెప్పించుకోవచ్చు, అయితే ఆ అప్పుకు గుర్తుగా ఒక బిళ్ళ కాలరేఖ మీద అందరికీ కనబడేలా ఉండిపోతుంది. తరువాతి రౌండ్లలో సరుకును వెనక్కి పంపి ఆ బిళ్ళను తీసుకోకపోతే, అలాంటి బిళ్ళలు ఎక్కువ ఉన్నవారు వైరుధ్యపు పాచిక వేయవలసి వస్తుంది. ఆ పాచికలో పడిన వైరుధ్యాలు మూడైతే వికృతి అనే పలక ఒకటి వచ్చి, భవనం కట్టుకోవలసిన చోటును ఆక్రమిస్తుంది. నేను ఒకసారి మొదటి రౌండ్లోనే రెండు అప్పులు చేసి, ఆట సగానికి వచ్చేసరికి కట్టుకోవడానికి చోటు చాలక ఓడిపోయాను. ఆ ఓటమి నాకు ఇష్టం, ఎందుకంటే అందులో ప్రతి అడుగూ నేను చేసిన పనే.

క్రోనోనాట్స్ అనే కార్డుల ఆట దారి వేరు. అక్కడ 32 కార్డులు వరుసగా పరచి ఉంటాయి, వాటిలో కొన్ని ఇరుసు వంటి సంఘటనలు. 1912లో టైటానిక్ మునిగిన కార్డును తిప్పితే ఓడ మునగదు, కానీ ఇలాంటి ఇరుసు కార్డు ఏది తిప్పినా దానిపై ఆధారపడిన తరువాతి కార్డులు కూడా తిరగబడి, ఒక్కొక్కసారి చరిత్రలో ఖాళీ ఏర్పడుతుంది.

దీన్ని మీ ఉదయగిరికే అన్వయించి చూడండి. రాయలవారు ఆ కోట నుంచి బాలకృష్ణుని విగ్రహాన్ని తీసుకువెళ్ళి హంపిలో కృష్ణాలయంలో ప్రతిష్ఠించారు. కోట పడకపోతే ఆ విగ్రహం కదలదు, హంపిలో ఆ గుడి గర్భాలయం ఖాళీగా ఉంటుంది. మీ మిత్రుణ్ణి బతికించినందుకు మీరు చెల్లించవలసిన మూల్యం ఇలాంటిదై ఉంటే, అతను చేసిన త్యాగం బల్లమీద ఇంకా కనబడుతూనే ఉండేది.

కావలి సభ్యుడు:

ఒంగోలు మేడమ్ గారు చెప్పినది బోర్డు ఆటలకు నూటికి నూరుపాళ్ళు నిజం. ఏ కార్డు తిప్పితే ఏది కూలుతుందో ఆట తయారుచేసినవారు ముందే అచ్చు వేసి ఇస్తారు. రోల్ ప్లేయింగ్‌లో ఆ భారమంతా ఒక్క గేమ్ మాస్టర్ నెత్తిన పడుతుంది, అప్పటికప్పుడు శతాబ్దాల పర్యవసానాలు అల్లడం మనిషి చేయగలిగిన పని కాదు. నేను రెండు నెలలు ప్రయత్నించి మానుకున్నాను. బ్లేడ్స్ ఇన్ ది డార్క్ ఆటలోని ఫ్లాష్‌బ్యాక్ పద్ధతి నాకు దారి చూపింది: పాత్ర తాను ముందే చేసిపెట్టుకున్న ఏర్పాటును ఇప్పుడు బయటపెట్టవచ్చు, మామూలు ఏర్పాటైతే ఉచితంగా, కొంచెం క్లిష్టమైనదైతే పాత్ర ఖాతాలో 1 ఒత్తిడి పాయింటు, మరీ చిక్కైనదైతే 2 లేదా ఇంకా ఎక్కువ చెల్లించి. కానీ బల్లమీద ఇప్పటికే జరిగిపోయినదాన్ని అది రద్దు చేయలేదని నియమాల్లోనే స్పష్టంగా ఉంది. నెల్లూరు మిత్రుని భయం తీరడానికి ఆ ఒక్క నియమం చాలు.

ఒంగోలు సభ్యురాలు:

భారం సంగతి ఒప్పుకుంటాను. అయితే అన్ని శతాబ్దాలూ అల్లవలసిన అవసరం లేదండీ. ఈ బల్ల దగ్గర నిజంగా ఆడిన సంఘటనలు పదో పన్నెండో ఉంటాయి. ఒక్కోదాన్ని ఒక అట్టముక్క మీద రాసి, వెనుకవైపు ఖాళీగా ఉంచండి. ఎవరైనా దాన్ని తిప్పితే వెనుక ఏమి రాయాలో, ఆ సంఘటనలో నష్టపోయిన ఆటగాడే నిర్ణయించాలి.

నెల్లూరు సభ్యుడు:

నిషేధించాలన్న మాట నేను ఇంకా వెనక్కి తీసుకోవడం లేదు. కానీ చివరి సూచన నాకు నచ్చింది. ఈ ఆదివారం దిడ్డివాకిలి రాత్రిని ఒక అట్టమీద రాసి బల్ల మధ్యలో పెడతాను, దాన్ని తిప్పి ఉంచాలా, మళ్ళీ మామూలుగా పెట్టాలా అన్నది మొదట అతణ్ణే అడుగుతాను. తన పాత్రకు ఆ చావే కావాలని అతనంటే, మేము నలుగురం బతికించినదాన్ని వదులుకోవడానికి సిద్ధంగానే ఉన్నాము.