బార్సిలోనాలో జీతం తీసుకున్నవాడు కాలేజీ ఆటగాడా?

మూడో క్వార్టర్:
సంగతి తెలియనివారికి ముందుగా రెండు ముక్కలు. జేమ్స్ ఎన్నాజీ నైజీరియా కుర్రవాడు, ఏడడుగుల మనిషి. బార్సిలోనా బాస్కెట్‌బాల్ క్లబ్బులో పెరిగి, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ ఆడాడు. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023లో 31వ స్థానంలో డెట్రాయిట్ జట్టు ఇతన్ని ఎంచుకుంది. అతని హక్కులు షార్లెట్ జట్టుకు, 2024లో అక్కడి నుంచి న్యూయార్క్ నిక్స్‌కు చేతులు మారాయి. 2025 డిసెంబరులో, సీజన్ మధ్యలో, టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ సరేనంది, అదీ నాలుగేళ్లు ఆడుకోవచ్చని! దీన్ని ఇంకా కాలేజీ ఆట అనాలంటే నాకు నోరు రావడం లేదు.

కాలవగట్టు:
నాకు వస్తోంది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకుంటున్నారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లిస్తున్నాయి. మొదటి ఏడాది ఒక్కో సంస్థకు, అన్ని ఆటలకూ కలిపి, పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇంట్లో అందరూ విందు చేస్తూ, వచ్చినవాడిని మాత్రం ‘నువ్వు బయట తిని వచ్చావు’ అని గుమ్మంలో నిలబెడతారా? ఎనెస్ కాంటర్ సంగతి గుర్తుందా? టర్కీలో ఫెనర్‌బాచె క్లబ్బు నుంచి ఖర్చులకు మించి 33 వేల డాలర్లు అందాయని, 2010–11లో కెంటకీ విశ్వవిద్యాలయం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. ఆనాటి ఆ కాఠిన్యం ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది.

విశ్రాంత పీఈటీ:
నేను జిల్లా పరిషత్ హైస్కూలులో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. అండర్-17 పోటీలకు పొద్దున్నే గడ్డం గీసుకుని వచ్చే ‘పిల్లలను’ చాలామందిని చూశాను. వాళ్లది దొంగ ధ్రువపత్రం, ఎన్నాజీ వచ్చింది నిబంధన ప్రకారమే. రెండూ ఒకటని అనను. కానీ పక్కన కూర్చున్న పదహారేళ్లవాడికి రెండు చోట్లా కనిపించేది ఒకటే: తన చోటు పోయింది. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేది పదిహేను మందే. ఆ చోటు కోసం ఎదురుచూసే హైస్కూలు పిల్లల తరఫున ఎవరైనా మాట్లాడండి.

కాలవగట్టు:
మాస్టారూ, ఆ చోటు యూరప్ కుర్రవాళ్లు ఎన్నాజీకి ముందే తీసుకున్నారు. రియల్ మాడ్రిడ్ నుంచి యెగోర్ డ్యోమిన్ బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి (బీవైయూ), బార్సిలోనా నుంచి కస్పరస్ యకుచోనిస్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఒక్క ఏడాది ఆడి 2025 డ్రాఫ్ట్‌లో మొదటివాడు 8వ స్థానంలో, రెండోవాడు 20వ స్థానంలో ఎంపికయ్యారు. అప్పుడు ఇంత గొడవ జరగలేదే?

మూడో క్వార్టర్:
ఎందుకంటే వాళ్లు డ్రాఫ్ట్‌కు ముందు వచ్చారు. ఇతను తర్వాత వచ్చాడు. నా అభ్యంతరమంతా అక్కడే. అమెరికన్ కాలేజీ కుర్రవాడు గడువులోగా డ్రాఫ్ట్ నుంచి పేరు వెనక్కి తీసుకోకపోతే కాలేజీ తలుపు మూసుకుంటుంది. ఎవరూ ఎంచుకోకపోయినా సరే! అదే పని బార్సిలోనా నుంచి చేసినవాడికి రెండున్నరేళ్ల తర్వాత తలుపు తెరిచారు. మిషిగన్ స్టేట్ కోచ్ టామ్ ఇజో బాహాటంగా మండిపడింది ఇందుకే. ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ ఆ తర్వాత, ఎన్‌బీఏ ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లను రానివ్వబోమని గీత గీశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లుంది. 2026 జనవరిలో చార్ల్స్ బెడియాకో కోర్టు తాత్కాలిక ఉత్తర్వుతో తన పాత కాలేజీ జట్టు అలబామాకు తిరిగివచ్చాడు. అతను ఎన్‌బీఏ జట్టు స్పర్స్‌తో టూ-వే ఒప్పందం (ఎన్‌బీఏలోనూ, దాని దిగువ లీగ్‌లోనూ ఆడే ఒప్పందం) చేసుకున్నవాడే. ఫిబ్రవరిలో కోర్టు ఆపేదాకా ఆడాడు.

డల్లాస్ శాస్త్రి:
చిన్న పక్కమాట. ఎఫ్-1 వీసా మీద ఇక్కడ చదువుకునే మన పిల్లలు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని దాటకూడదని ఎంత భయపడతారో చూశాను. విదేశీ ఆటగాళ్లలో చాలామందిది అదే వీసా. పేరు, బొమ్మల ఒప్పందాల సొమ్ము అమెరికన్ సహచరుడు నిశ్చింతగా తీసుకుంటే, వీళ్లు వకీలును అడిగి అడుగు వేయాలి. ‘జీతగాడు వచ్చి దోచుకుంటున్నాడు’ అనే ముందు ఇది కూడా లెక్కలో వేయండి.

కాలవగట్టు:
శాస్త్రిగారూ, మంచి మాట. మూడో క్వార్టర్ గారూ, గీత తప్పంటున్నారు కదా, మీరైతే ఎక్కడ గీస్తారు?

మూడో క్వార్టర్:
డబ్బు మీద గీయను. వయసు మీద గీస్తాను. పద్దెనిమిది నిండిన రోజు నుంచి అందరికీ ఐదేళ్ల గడియారం. ఈలోగా ఎక్కడ ఆడినా, ఎంత సంపాదించినా అది తిరుగుతూనే ఉండాలి.

కాలవగట్టు:
ఎన్నాజీ 2004 ఆగస్టులో పుట్టాడు. మీ గడియారం 2027 ఆగస్టు దాకా నడుస్తుంది. చేరిన సీజన్, ఆ పైది, మొత్తం రెండు సీజన్లు ఆడతాడు. అంటే బేలర్‌లో చేరడం మీ లెక్కలోనూ తప్పు కాదు!

మూడో క్వార్టర్:
ఒప్పుకుంటాను. రెండు ఇచ్చి ఉంటే ఈ చర్చ మొదలుపెట్టేవాడినే కాదు. నాలుగు ఇచ్చారు.

విశ్రాంత పీఈటీ:
రెండో, నాలుగో మీరిద్దరూ తేల్చుకోండి. ఆ పదిహేను మందిలో చోటు దొరకని నా పదహారో కుర్రవాడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.