దిగేటప్పుడు ఇచ్చిన ఎత్తు ఎలా తప్పుతుంది?

ప్రశ్న: ఆటోపైలట్ ఆన్‌లో ఉన్నా ఏటీసీ (నేల మీది విమాన నియంత్రణ కేంద్రం) చెప్పిన ఎత్తు దాటి విమానం దిగిపోవడం ఎలా సాధ్యం?

జవాబు 1: ముందు ఆల్టిమీటర్ (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే మీటరు) చూడండి. ట్రాన్సిషన్ లెవెల్ (దిగేటప్పుడు పీడనం సెట్టింగ్ మార్చాల్సిన ఎత్తు) దగ్గర ప్రామాణిక పీడనం 1013 తీసి క్యూఎన్‌హెచ్ (ఆ ప్రాంతంలో సముద్రమట్టానికి లెక్కగట్టిన పీడనం) పెట్టాలి. సరిగ్గా అప్పుడే రేడియోలో పిలుపొస్తే ఆ పని మరుగున పడుతుంది. క్యూఎన్‌హెచ్ 993 అయితే 20 హెక్టోపాస్కల్స్ (పీడనం కొలత) తేడా, ఒక్కోదానికి సుమారు 27 అడుగులు. 1013 మార్చకుండా మీటరు 5,000 అడుగులు చూపిస్తుంటే విమానం దాదాపు 540 అడుగులు కిందుంటుంది! ఇద్దరు పైలట్ల మీటర్లలోనూ మార్చాక ఇద్దరూ రీడింగ్ పోల్చుకోవాలి.

జవాబు 2: ఎయిర్‌బస్‌లో ఇంకోటుంది. ఆల్ట్ స్టార్ (సెట్ చేసిన ఎత్తును ఆటోపైలట్ అందుకుంటున్న దశ) వచ్చాక ఆ ఎత్తు మారిస్తే మోడ్ వర్టికల్ స్పీడ్‌కి (అప్పటి దిగే వేగాన్నే కొనసాగించే మోడ్) మారుతుంది. కొత్త ఎత్తు పైనుంటే విమానం దిగుతూనే పోతుంది. ఎఫ్ఎంఏ (ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉందో చూపే తెర భాగం) పైకి చదవాల్సిందే.

జవాబు 3: ఇచ్చిన ఎత్తు చేరే ముందు చివరి 1,000 అడుగుల్లో దిగే వేగం నిమిషానికి 1,500 అడుగుల లోపుంచండి. అనవసరపు టీకాస్ (వేరే విమానాన్ని ఢీకొనే ముప్పును చెప్పే పరికరం) హెచ్చరికలూ తగ్గుతాయి.