లౌరీ చిత్రాల్లో నీడలు ఎందుకు లేవు?

ప్రశ్న:
ఇంగ్లండ్ చిత్రకారుడు ఎల్.ఎస్. లౌరీ 1930లో వేసిన ‘కమింగ్ ఫ్రమ్ ది మిల్’ చిత్రాన్ని ఫోటోలో చూశాను. మిల్లు గోడలూ పొగగొట్టాలూ వెనక ఉండగా, పని ముగించుకున్న జనం ముందుకు వంగి నడుస్తుంటారు. అంతమందిలో ఒక్కరి కాళ్ల దగ్గరా నీడ కనిపించదు. ఆయన అద్దెలు వసూలు చేస్తూ తీరిక వేళల్లో బొమ్మలు వేసుకున్న మనిషి అనీ, చిత్రకళ పద్ధతిగా నేర్చుకోలేదనీ కొందరు అంటారు. నీడలు లేకపోవడం చేతకాకనా, కావాలనా?

మొదటి సమాధానం:
నేర్చుకోలేదన్న మాట నిజం కాదండీ. పగలు ఉద్యోగం చేస్తూనే ఆయన మాంచెస్టర్ మునిసిపల్ ఆర్ట్ స్కూల్లో సాయంత్రం తరగతులకు వెళ్లి, ఫ్రాన్స్ నుంచి వచ్చిన అడాల్ఫ్ వాలెట్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌ పట్టణంలోనూ 1925 దాకా చదువు కొనసాగించారు. 1912లో వేసిన తల్లి రూపచిత్రం చూడండి, ముఖంమీది వెలుగునీడలు ఎవరైనా మెచ్చుకునేలా ఉంటాయి. ఆయన సన్నగా గీసే మనుషులకు ‘అగ్గిపుల్ల మనుషులు’ అన్న పేరు అంటుకున్నాక ఆ చిత్రాలను తీసి చూసేవాళ్లే తగ్గిపోయారు.

రెండో సమాధానం:
నా దృష్టిలో నీడలు లేకపోవడానికి అసలు కారణం ఆయన చిత్రాల నేపథ్యంలోని తెలుపు. తొలి రోజుల్లో ఆయన మిల్లు చిత్రాలు ముదురుగా ఉండేవి. మనుషులు వెనుక రంగులో కలిసిపోతున్నారని, నేపథ్యం తేలిక చేయమని ‘మాంచెస్టర్ గార్డియన్’ పత్రిక కళావిమర్శకుడు బెర్నార్డ్ టేలర్ సలహా ఇచ్చారు. లౌరీకి మొదట చిరాకు కలిగినా, తెల్లని నేపథ్యంమీద వేసి చూశాక ఆ మాటే సరైనదని ఒప్పుకున్నారు. అప్పటినుంచి ఫ్లేక్ వైట్ (తెలుపు), ఐవరీ బ్లాక్ (నలుపు), వెర్మిలియన్ (ఎరుపు), ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), ఈ అయిదు రంగులే ఆయన పళ్లెంలో ఉండేవి. ఆ తెలుపు ఏళ్లు గడిస్తే ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఒక పలకకు పూతలు పూతలుగా వేసి, ఏళ్ల తరబడి మూసి ఉంచారట. తీసి చూస్తే మీగడ కలిసిన బూడిద రంగుకు దిగింది, ఆయనకు కావలసిందీ అదే. ఇంత ఓపికగా కుదుర్చుకున్న తెల్లని నేపథ్యంమీద నీడలు వేస్తే, మనుషుల గీతలు మళ్లీ మసకబారిపోవా?

ప్రశ్న అడిగినవారు:
ఫోటోను పెద్దది చేసి చూశాను. బూట్లను దళసరి నల్లని ముద్దల్లా పెట్టారు. నీడ లేకున్నా మనిషిని నేలమీద నిలబెడుతున్నవి అవే అనిపించింది.

మూడో సమాధానం:
బాగా పట్టుకున్నారు. ఒక్క మాట కలుపుతాను: ఆ వీధులు ఆయనకు కేవలం చిత్రవస్తువులు కావు. 1910 నుంచి 1952 దాకా అద్దెల కోసం ఇంటింటికీ తిరిగిన ఉద్యోగి ఆయన; ఆ ఉద్యోగం సంగతి కళాలోకంలో బయటపడకుండా జాగ్రత్తపడ్డారు, తీరిక వేళల చిత్రకారుడంటారని భయం. 1932లో తండ్రి పోయాక, మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ, ఆమె నిద్రపోయాక రాత్రుళ్లు బొమ్మలు వేసేవారు. దీపం వెలుగులో, గుర్తున్న వీధిని గీసే మనిషికి ఎండ ఎటునుంచి పడుతుందన్నది పెద్ద లెక్క కాదని నా అనుమానం.